బిగుసుకున్నంత మాత్రాన సరిపోదు: మిర్రర్‌లెస్ కెమెరాలపై రేంజ్‌ఫైండర్ లెన్స్‌ల పనితీరు

సంక్షిప్తంగా: రెండు బింబాలను కలిపి ఫోకస్ చేసే రేంజ్‌ఫైండర్ కెమెరాల కోసం తయారైన పాత, కొత్త లెన్స్‌లు దాదాపు అన్నీ ఒక సన్నని అడాప్టర్ (లెన్స్‌కూ కెమెరాకూ మధ్య వేసే వలయం) సాయంతో నేటి చిన్న మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాలకు బిగుసుకుంటాయి. 50 మి.మీ., అంతకు మించిన ఫోకల్ దూరం (ఈ అంకె తగ్గే కొద్దీ చూపు విశాలమవుతుంది) గల లెన్స్‌ల విషయంలో ఫలితం సాధారణంగా బాగుంటుంది. 35 మి.మీ. దగ్గర అది లెన్స్ నిర్మాణాన్ని బట్టి మారుతుంది. 28 మి.మీ. కన్నా తక్కువైతే ఫొటో మూలలు అలికినట్టు కావడం, రంగు మారడం, చీకటి కమ్మడం తరచుగా కనిపిస్తాయి. ఇందుకు కారణం లెన్స్ నాసిరకం కావడం కాదు. సెన్సర్ ముందున్న గాజు పలక, దానిపై కాంతి పడే కోణం.

నెల్లూరు, ఒంగోలు, కావలి వంటి పట్టణాల్లో పెళ్లి ఫొటోలు తీసే స్టూడియోలు డీఎస్‌ఎల్‌ఆర్ నుంచి మిర్రర్‌లెస్ వైపు మళ్లాక, ఫొటోగ్రఫీ నేర్చుకునే కుర్రకారు చేతికి కూడా చిన్న మిర్రర్‌లెస్ బాడీలు వస్తున్నాయి. ఆటోఫోకస్ ఉన్న కంపెనీ లెన్స్ ఖరీదు బాడీ ఖరీదును మించిపోయే సందర్భాల్లో, సెకండ్ హ్యాండ్‌లో దొరికే చిన్న లోహపు లెన్స్‌ల వైపు చూపు పోవడం సహజం. అక్కడ వినిపించే మాట ఒక్కటే: అడాప్టర్ ఉంటే ఏ లెన్సైనా పడుతుంది. ఆ మాట అబద్ధం కాదు గానీ, అందులో సగం సంగతే ఉంది. లెన్స్ బాడీకి బిగుసుకోవడం వేరు, ఆ బాడీలోని సెన్సర్‌పై సరైన బింబాన్ని పరచడం వేరు. మొదటిది కమ్మరి పని లాంటిది, కొలత కుదిరితే చాలు. రెండోది కాంతికి సంబంధించినది, ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు.

అద్దం లేని పాత కెమెరా

రేంజ్‌ఫైండర్ కెమెరాలో ఫొటో తీసే లెన్స్ గుండా చూడడం ఉండదు. పైన రెండు చిన్న కిటికీలు ఉంటాయి. వాటి నుంచి వచ్చే రెండు బింబాలు వ్యూఫైండర్‌లో ఒకదానిపై ఒకటి పడతాయి. ఫోకస్ రింగ్ తిప్పినప్పుడు లెన్స్ వెనక అంచు కెమెరాలోని ఒక చిన్న చక్రాన్ని నెడుతుంది. ఆ కదలికకు రెండు బింబాలు దగ్గరకు జరిగి ఒక్కటైతే ఫోకస్ కుదిరినట్టు. లైకా సంస్థ 1930ల నుంచి 39 మి.మీ. వ్యాసం గల మరలతో, 1954లో వచ్చిన ఎం3 నుంచి ఎం మౌంట్ (లెన్స్‌ను బాడీకి బిగించే అమరిక)తో ఈ పద్ధతిని నిలబెట్టింది. 1932 నాటి కాంటాక్స్, ఆ తర్వాత నికాన్, కెనాన్, సోవియట్ యూనియన్‌లో ఫెడ్, జోర్కీ, కీవ్ కెమెరాలు ఇదే దారిలో నడిచాయి.

ఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్స్‌కూ ఫిల్ముకూ మధ్య అద్దం లేచి దిగుతుంది కనుక అక్కడ సుమారు 4 సెంటీమీటర్ల చోటు ఖాళీగా వదలాలి. రేంజ్‌ఫైండర్‌లో ఆ అద్దమే లేదు. అందువల్ల వైడ్ లెన్స్ చేసేవారు వెనక గాజును ఫిల్ముకు దాదాపు ఆనేంత దగ్గరగా తీసుకుపోగలిగారు. జైస్ బయోగాన్ నమూనాపై తయారైన సోవియట్ జూపిటర్-12 లెన్స్‌ను చేతిలో తిప్పి చూస్తే ఇది వెంటనే తెలుస్తుంది: ముందు భాగం కన్నా వెనక పొడుచుకొచ్చిన గాజే పెద్దదిగా కనిపిస్తుంది. ముందూ వెనకా సమానంగా అమర్చిన ఇలాంటి నిర్మాణంలో సరళ రేఖలు వంగవు, లెన్స్ చిన్నదిగా ఉంటుంది. ఎస్‌ఎల్‌ఆర్ లెన్స్‌లకు ఆ వీలు లేక, 1950లో ఆంజెన్యూ తెచ్చిన రెట్రోఫోకస్ పద్ధతిని అనుసరించాల్సి వచ్చింది. అందులో లెన్స్ పెద్దదవుతుంది, కానీ కాంతి వెనక నుంచి కాస్త నిటారుగా వస్తుంది. ఫిల్ముతో పనిచేసిన కాలంలో ఈ రెండో గుణానికి పెద్ద విలువ లేదు. డిజిటల్ వచ్చాక అదే కీలకమైంది.

మిల్లీమీటర్ల లెక్క

లెన్స్ ఆనుకునే లోహపు వలయం నుంచి సెన్సర్ వరకు ఉండే దూరాన్ని ఫ్లాంజ్ దూరం అంటారు. లైకా ఎం మౌంట్‌లో అది 27.8 మి.మీ., పాత మర మౌంట్‌లో 28.8 మి.మీ. సోనీ ‘ఇ’ (E) మౌంట్‌లో 18, ఫుజీ ఎక్స్‌లో 17.7, నికాన్ జెడ్‌లో 16, కెనాన్ ఆర్‌ఎఫ్‌లో 20, చిన్న సెన్సర్ గల మైక్రో ఫోర్ థర్డ్స్ కెమెరాల్లో 19.25 మి.మీ. లెన్స్ మౌంట్ దూరానికీ బాడీ మౌంట్ దూరానికీ ఉన్న తేడాయే అడాప్టర్ మందం. సోనీ బాడీపై ఎం లెన్స్ పెట్టాలంటే 9.8 మి.మీ. మందమున్న వలయం చాలు. అదే నికాన్ ఎఫ్ మౌంట్ ఎస్‌ఎల్‌ఆర్ లెన్స్ కోసమైతే, దాని ఫ్లాంజ్ దూరం 46.5 మి.మీ. కనుక 28.5 మి.మీ. పొడవున్న గొట్టం కావాలి. చిన్న కెమెరాపై చిన్న లెన్స్, మధ్యలో సన్నని వలయం: రేంజ్‌ఫైండర్ లెన్స్‌ల ఆకర్షణకు మూలం ఈ అంకెల్లోనే ఉంది.

మర మౌంట్ లెన్స్‌ను ఎం మౌంట్‌కు మార్చే వలయం సరిగ్గా 1 మి.మీ. మందం ఉంటుంది. కొనేవారు పొరపడేది ఇక్కడే. సోవియట్ కాలపు జెనిట్ ఎస్‌ఎల్‌ఆర్‌ల తొలి లెన్స్‌లకు కూడా 39 మి.మీ. మరే ఉంది, కానీ వాటి ఫ్లాంజ్ దూరం 45.2 మి.మీ. ఆ లెన్స్ రేంజ్‌ఫైండర్ అడాప్టర్‌లో చక్కగా బిగుసుకుంటుంది. సెన్సర్‌కు 16 మి.మీ. ఎక్కువ దగ్గరైనందువల్ల ఏ దూరంలోని వస్తువు మీదా ఫోకస్ కాదు. ఇండస్టార్-50 అనే లెన్స్ ఈ రెండు రకాల్లోనూ వచ్చింది. 50 మి.మీ. లెన్స్ అయిన జూపిటర్-8 ది ఇంకో చిక్కు: జోర్కీ కోసం చేసినదానికి మర ఉంటుంది, కీవ్ కోసం చేసినదానికి కాంటాక్స్ మౌంట్ ఉంటుంది. కాంటాక్స్ మౌంట్‌లో 50 మి.మీ. లెన్స్‌లను ఫోకస్ చేసే మర కెమెరాలోనే ఉంటుంది గనుక, అలాంటి లెన్స్‌కు ఫోకస్ మర కలిగిన ప్రత్యేక అడాప్టర్ కొనాలి. ఆ ఖర్చు లెన్స్ ఖరీదును దాటవచ్చు. ఫొటో చూసి పేరు మాత్రమే చదివి డబ్బు పంపడం ఈ కారణంగా మంచిది కాదు; లెన్స్ వెనక భాగం ఫొటో అడగాలి.

లోపలికి మడిచే ఎల్మార్, ఇండస్టార్-22 వంటి లెన్స్‌లను మిర్రర్‌లెస్ బాడీపై ఉన్నప్పుడు మడవకూడదు. లోపలికి దిగే గొట్టం షట్టర్‌ను తాకే ప్రమాదముంది. జూపిటర్-12 వెనక గాజు కూడా కొన్ని బాడీల్లో లోపలి చట్రానికి తగులుతుంది.

సెన్సర్ ముందున్న గాజు

డిజిటల్ సెన్సర్ ఎప్పుడూ నగ్నంగా ఉండదు. ఇన్‌ఫ్రారెడ్ కాంతిని ఆపడానికి, దుమ్ము నుంచి కాపాడడానికి, కొన్నిటిలో లేని చారలు ఫొటోలో కనిపించే మోసాన్ని తగ్గించడానికి దాని ముందు గాజు పొరలు అమర్చి ఉంటాయి. వాటి మొత్తం మందం లైకా ఎం డిజిటల్ బాడీల్లో 1 మి.మీ. కన్నా తక్కువ, నికాన్ జెడ్ బాడీల్లో ఒక మిల్లీమీటరుకు కాస్త అటూఇటూ, సోనీ ఫుల్ ఫ్రేమ్ (35 మి.మీ. ఫిల్ము ఫ్రేమంత సెన్సర్ గల) బాడీల్లో సుమారు 2 మి.మీ., మైక్రో ఫోర్ థర్డ్స్‌లో సుమారు 4 మి.మీ. ఫిల్మ్ కెమెరాలో ఈ గాజు లేనే లేదు. పాత లెన్స్ చేసినవారు దాన్ని లెక్కలోకి తీసుకునే అవకాశమూ లేదు.

తేటగా ఉన్న చెరువులో గట్టు దగ్గర నిలబడి తిన్నగా కిందికి చూస్తే అడుగునున్న రాయి కొంత పైకి తేలినట్టు కనిపిస్తుంది. దూరపు రాయిని ఏటవాలుగా చూస్తే అది ఇంకా పైకి తేలుతుంది. గాజులోనూ ఇదే జరుగుతుంది. నిటారుగా వచ్చే కిరణాలు ఎంత వెనక్కి జరుగుతాయో కెమెరా చేసేవారికి తెలుసు కాబట్టి సెన్సర్‌ను ఆ మేరకు అమర్చుతారు. ఏటవాలు కిరణాలు అంతకంటే ఎక్కువ జరుగుతాయి. సాధారణ గాజు వక్రీభవన గుణకం 1.5 ప్రాంతంలో ఉంటుందని తీసుకుని లెక్క కడితే, 45 డిగ్రీల కోణంలో 2 మి.మీ. గాజు గుండా వచ్చిన కిరణాలు మధ్యభాగపు ఫోకస్ తలం నుంచి కనీసం పావు మిల్లీమీటరు వెనక్కి పోతాయి. పైగా ఫ్రేము మధ్య నుంచి మూలకు సాగే దిశలో పోయే కిరణాలకూ, దానికి అడ్డంగా పోయేవాటికీ ఈ జరుగుడు ఒకేలా ఉండదు. మొదటివాటికి అది అర మిల్లీమీటరు దాటుతుంది. అందుకే మూలల్లో ఆకులు, కొమ్మలు ఒక వైపుకు సాగదీసి అలికినట్టు కనిపిస్తాయి.

పావు మిల్లీమీటరు చిన్నదే కదా అనిపించవచ్చు. అపర్చర్ (లెన్స్‌లో కాంతి వచ్చే రంధ్రం) ఎఫ్2.8 వద్ద ఉంటే ఫుల్ ఫ్రేమ్‌పై ఫోకస్ తలం అటూఇటూ సుమారు 0.08 మి.మీ. మాత్రమే సహిస్తుంది. ఎఫ్8కి మూస్తే ఆ సహనం 0.24 మి.మీ.కు పెరుగుతుంది. అపర్చర్ మూస్తే మూలలు కొంత తేరుకుంటాయి, పూర్తిగా తేరుకోవు అన్న అనుభవానికి ఈ అంకెలు సరిగ్గా సరిపోతాయి. అదే గాజుపై 50 మి.మీ. లెన్స్ నుంచి మూలకు చేరే కిరణం కోణం సుమారు 23 డిగ్రీలే, అడ్డంగా పోయే కిరణాల జరుగుడు 0.07 మి.మీ. లోపు ఉంటుంది, ఎఫ్2.8 వద్ద కూడా దాదాపు సహించదగినదే. 50 మి.మీ. లెన్స్‌లు అడాప్టర్‌పై నమ్మకంగా పనిచేయడానికి కారణం ఇదే.

చిన్న సెన్సర్ మూలలను వదిలేసి మధ్యభాగాన్నే వాడుకుంటుంది కనుక ఈ బాధ ఉండదని కొందరి వాదన. ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్ ఉండే ఏపీఎస్-సీ బాడీల్లో అది చాలావరకు నిజమే. మైక్రో ఫోర్ థర్డ్స్‌కు వర్తించదు: 21 మి.మీ. లెన్స్ నుంచి ఆ చిన్న ఫ్రేము మూలకు కిరణం 27 డిగ్రీల కోణంతోనే చేరినా, గాజు రెట్టింపు మందం ఉన్నందువల్ల జరుగుడు 0.2 మి.మీ. దగ్గరకు వస్తుంది. కోణంలో దక్కిన లాభం గాజు మందంలో కరిగిపోతుంది.

గాజును పలచన చేస్తే సరిపోదా అన్న ప్రశ్నకు 2006లో వచ్చిన లైకా ఎం8 సమాధానం చెప్పింది. అందులో ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్‌ను మరీ సన్నగా ఉంచడంతో నల్లటి సింథటిక్ బట్టలు ఊదా రంగులో కనిపించాయి. లెన్స్ ముందు తొడిగే ప్రత్యేక ఫిల్టర్లను సంస్థ కొనుగోలుదారులకు ఇవ్వాల్సి వచ్చింది. గాజు మందం ఒక రాజీ. లైకా తన లెన్స్‌ల కోసం ఒక వైపు మొగ్గితే, మిగతా సంస్థలు తమ సొంత లెన్స్‌లకు అనువుగా మరో వైపు మొగ్గాయి. సోనీ, నికాన్, కెనాన్ లెన్స్‌లను ఆ గాజును కలుపుకునే లెక్క కట్టి తయారు చేస్తారు కనుక వాటిలో ఈ లోపం కనిపించదు.

బావిలో పడే ఎండ

మూలల్లో చీకటికీ, రంగు మార్పుకూ కారణం వేరు. మిట్టమధ్యాహ్నపు ఎండ బావి అడుగు దాకా పడుతుంది. పొద్దు వాలిన కొద్దీ అది లోపలి వరల మీదే ఆగిపోతుంది. సెన్సర్‌లోని ప్రతి పిక్సెల్ అలాంటి చిన్న బావి. ఏటవాలుగా వచ్చిన కాంతిలో కొంత అడుగుకు చేరదు, కొంత పక్క పిక్సెల్‌లోకి జారుతుంది. పక్కదాని రంగు ఫిల్టర్ వేరు కనుక ఫొటో అంచుల్లో గులాబీ, నీలి ఛాయలు వస్తాయి. దీనికి సెన్సర్ ప్రమేయం లేని సహజమైన చీకటి తోడవుతుంది. సమాన నిర్మాణం గల లెన్స్‌లో మూలకు చేరే వెలుగు, మధ్యభాగంతో పోలిస్తే, 50 మి.మీ. వద్ద సుమారు 70 శాతం, 35 వద్ద సగం, 21 వద్ద పాతిక శాతం లోపు. ఫిల్ముపైనా ఇంతే ఉండేది. డిజిటల్‌లో అది ఇంకా తగ్గుతుంది.

రంగు మార్పు విషయంలో సాంకేతికత ముందుకు నడిచింది. లైకా ఎం సెన్సర్లలో పిక్సెల్‌పై ఉండే సూక్ష్మ కటకాలను అంచులకు పోయే కొద్దీ పక్కకు జరిపి అమర్చారు. 2011లో రికో సంస్థ జీఎక్స్‌ఆర్ కెమెరా కోసం తెచ్చిన ఎం మౌంట్ మాడ్యూల్ ఇదే ఉద్దేశంతో రూపొందింది. 2015లో సోనీ ఏ7ఆర్ 2తో ఫుల్ ఫ్రేమ్‌లోకి వచ్చిన బీఎస్‌ఐ (తీగలను కాంతి దారి నుంచి వెనక్కి జరిపిన) సెన్సర్లలో బావి లోతు తగ్గి రంగు మార్పు బాగా అదుపులోకి వచ్చింది. కానీ బీఎస్‌ఐ ఉంటే మూలలు అలికినట్టు కావడం కూడా పోతుందన్న ప్రచారం సరికాదు. అది గాజు తెచ్చిన లోపం, సెన్సర్ మారినా గాజు అలాగే ఉంది. రంగు మార్పునూ చీకటినీ ఎడిటింగ్‌లో సరిచేయవచ్చు: అదే లెన్స్, అదే అపర్చర్‌తో సమానంగా వెలుగు పడిన తెల్లని ఉపరితలాన్ని ఫొటో తీసి, దాన్ని ఆధారంగా చూపితే సాఫ్ట్‌వేర్ మిగతా ఫొటోలను సమం చేస్తుంది. అలికిన మూలను మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు.

ఫోకస్ చేతికి వచ్చినప్పుడు

మిర్రర్‌లెస్ బాడీపై రేంజ్‌ఫైండర్ యంత్రాంగానికి పని ఉండదు. సెన్సర్ చూపే బింబాన్నే పెద్దదిగా చేసి చూసి ఫోకస్ చేస్తారు. ఇది కొన్ని విషయాల్లో అసలు పద్ధతికన్నా మెరుగు. అపర్చర్ మూసినప్పుడు ఫోకస్ కాస్త జరిగే జైస్ సి సోనార్ 50 మి.మీ. వంటి లెన్స్‌లను, ఫొటో తీయబోయే అపర్చర్ వద్దనే ఫోకస్ చేసి ఆ తేడాను తప్పించుకోవచ్చు. రేంజ్‌ఫైండర్ లెన్స్‌లు చాలావరకు 70 సెంటీమీటర్లు లేదా ఒక మీటరు కన్నా దగ్గరకు ఫోకస్ చేయవు. లోపల మర ఉన్న అడాప్టర్‌తో లెన్స్‌ను మరో 4 మి.మీ. ముందుకు జరిపితే 50 మి.మీ. లెన్స్ అర మీటరు లోపుకు వస్తుంది. పెళ్లిలో మంగళసూత్రం, చేతి మెహందీ తీయడానికి అది సరిపోతుంది. 2016లో వచ్చిన టెకార్ట్ అడాప్టర్ లాంటివి మొత్తం లెన్స్‌నే ముందుకూ వెనక్కూ కదిలించి ఆటోఫోకస్‌ను కూడా సాధ్యం చేశాయి.

నెల్లూరు స్వర్ణాల చెరువు గట్టున రొట్టెల పండుగ జనసందోహంలో బింబాన్ని పెద్దది చేసి ఫోకస్ చేసేంత తీరిక ఉండదు. అక్కడ పాత తరం వాడిన పద్ధతే మెరుగు: 35 మి.మీ. లెన్స్‌ను ఎఫ్8 వద్ద ఉంచి, దూరపు అంకెను 5 మీటర్లకు తిప్పి వదిలేస్తే ఫుల్ ఫ్రేమ్‌పై సుమారు రెండున్నర మీటర్ల నుంచి కనుచూపు మేర దాకా స్పష్టంగా ఉంటుంది. నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకునే చేతులను ఆ క్షణంలో పట్టుకోవడానికి ఏ మోటారూ అవసరం లేదు. అయితే దీనికి అడాప్టర్ మందం కచ్చితంగా ఉండాలి. చవక అడాప్టర్లను దూరపు ఫోకస్ తప్పకుండా అందాలని కొంచెం పలచగానే చేస్తుంటారు. 35 మి.మీ. లెన్స్ కింద అడాప్టర్ 0.1 మి.మీ. పలచనైతే, 5 మీటర్లని లెన్స్ చెబుతున్న చోట అసలు ఫోకస్ 8 మీటర్లు దాటి పడుతుంది. తెర చూసి ఫోకస్ చేసేవారికి ఈ తేడా తెలియనే తెలియదు. అంకెలను నమ్మేవారికి ఆ రోజు ఫొటోలన్నీ పాడవుతాయి.

బాడీ మెనూలో లెన్స్ లేకుండా షట్టర్ పనిచేసే సెట్టింగ్‌ను ఆన్ చేయకపోతే చాలా కెమెరాలు ఫొటోయే తీయవు. బాడీలో స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) ఉంటే లెన్స్ ఫోకల్ దూరాన్ని చేత్తో నమోదు చేయాలి.

ఏది ఎవరికి

ఏపీఎస్-సీ బాడీపై 35 మి.మీ. లెన్స్, ఫుల్ ఫ్రేమ్‌పై 52 మి.మీ. లెన్స్ ఇచ్చేంత చూపునిస్తుంది, 50 మి.మీ.ది 75 అవుతుంది. మైక్రో ఫోర్ థర్డ్స్‌లో అవి 70, 100. ఒక ముఖాన్ని, ఒక ఒంగోలు గిత్తను, మగ్గం ముందు కూర్చున్న మనిషిని తీయడానికి జూపిటర్-8, కెనాన్ 50 మి.మీ. ఎఫ్1.8 మర మౌంట్ లెన్స్ ఏ బాడీపైనైనా నిరాశపరచవు. చీమకుర్తి గ్రానైట్ క్వారీ లోతునో, ఉదయగిరి కొండ కోటనో ఒక్క ఫ్రేములో ఇమడ్చాలనుకునేవారు మాత్రం పాత 21 మి.మీ. లెన్స్ జోలికి పోకపోవడం మేలు. 1999లో వొయిగ్ట్‌లాండర్ పేరును తిరిగి తెచ్చిన కొసినా సంస్థ తన 15 మి.మీ. హీలియార్‌ను డిజిటల్ సెన్సర్ల కోసం మళ్లీ రూపొందించి 2015లో మూడో రూపం విడుదల చేసింది. మొదటి రూపానికీ దీనికీ అంచుల్లో ఉన్న తేడా చూస్తే లోపం ఎక్కడుందో అర్థమవుతుంది. చూపు విశాలంగా కావాలంటే ఇలాంటి కొత్త నిర్మాణాన్నో, కెమెరా సంస్థ సొంత లెన్స్‌నో ఎంచుకోవాలి.

పక్షుల ఫొటోల కోసం ఈ లెన్స్‌లు పనికిరావు. రెండు బింబాలను కలిపే యంత్రాంగపు కచ్చితత్వానికి హద్దు ఉన్నందున రేంజ్‌ఫైండర్ లెన్స్‌లు సాధారణంగా 135 మి.మీ. వద్దనే ఆగిపోయాయి. పులికాట్ ఫ్లెమింగోలకు, నేలపట్టు గూడబాతులకు అది చాలదు.

తీరపు గాలి, కొనే ముందు పరీక్ష

సముద్రం దగ్గర ఉన్న ఈ జిల్లాల్లో గాలిలో తేమ ఎక్కువ. 50, 60 ఏళ్ల వయసున్న లెన్స్ బీరువాలో మూసి ఉంటే లోపల ఫంగస్ పట్టడం మామూలే. టార్చి వెలుగును వెనక నుంచి వేసి ముందు నుంచి చూస్తే సాలెగూడు లాంటి తీగలు, పొగ పేరుకున్నట్టున్న మసక, అపర్చర్ రెక్కలపై నూనె బయటపడతాయి. చిన్న మసక వల్ల కాంట్రాస్ట్ తగ్గుతుంది, ఎదురెండలో అది మరీ ఎక్కువ. గాజును తిన్న ఫంగస్ మచ్చ తుడిచినా పోదు. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో దాచి, జెల్‌ను వేడిచేసి మళ్లీ వాడుకోవడం ఖర్చు తక్కువైన రక్షణ.

లెన్స్‌నూ అడాప్టర్‌నూ కలిపి పరీక్షించడానికి మైపాడు, కొత్తపట్నం తీరాలకు మించిన చోటు అక్కర్లేదు. ఉదయం పూట, కెమెరాను ట్రైపాడ్‌పై పెట్టి, సముద్రం ఆకాశం కలిసే గీత ఫ్రేము మధ్యగా పోయేలా ఒకటి, పై అంచుకు దగ్గరగా ఒకటి, కింది అంచుకు దగ్గరగా ఒకటి తీయాలి. మొదట లెన్స్ పూర్తిగా తెరిచి, తర్వాత ఎఫ్8 వద్ద. గీత ఎడమ చివర స్పష్టంగా ఉండి కుడి చివర మసకబారితే లెన్స్ లేదా అడాప్టర్ వంకరగా ఉన్నట్టు. లెన్స్‌ను మరో అడాప్టర్‌పై పెట్టి చూస్తే దోషం దేనిదో తేలుతుంది. రెండు చివరలా సమానంగా అలికినట్టుంటే అది గాజు పలక ప్రభావం, ఏ అడాప్టర్ మార్చినా పోదు. తెల్లవారి ఆకాశం ఒక మూల గులాబీగా, మరో మూల నీలంగా ఉంటే సెన్సర్ కోణపు సమస్య, ఎడిటింగ్‌లో తీరుతుంది. ఫోకస్ రింగ్‌ను చివరి దాకా తిప్పాక గీత మసకబారి, కాస్త వెనక్కి తిప్పితేనే తేరుకుంటే అడాప్టర్ పలచన; దూరపు అంకెలను నమ్మకుండా తెర చూసి ఫోకస్ చేసుకునేవారు ఆ జతను నిరభ్యంతరంగా ఉంచుకోవచ్చు.